నిల్వలు ఎన్ని రోజులకు? చమురు లెక్కలో ఒక చిన్న భాగహారం

2022 జూలై 3, ఆదివారం. కొలంబోలో శ్రీలంక ఇంధన శాఖ మంత్రి కాంచన విజెశేఖర విలేఖరుల ముందు రెండు అంకెలు ఉంచారు. ప్రభుత్వ నిల్వల్లో మిగిలింది 12,774 టన్నుల డీజిల్, 4,061 టన్నుల పెట్రోలు. టన్నుల్లో వింటే సామాన్యుడికి ఇది పెద్ద రాశిగానే తోస్తుంది. మామూలు గిరాకీ ఉంటే ఉన్న పెట్రోలు ఒక్క రోజుకు కూడా చాలదని మంత్రి వివరించిన తరువాతనే ఆ అంకెల అర్థం దేశానికి బోధపడింది. తదుపరి పెట్రోలు నౌక రావడానికి రెండు వారాలకు పైగా వ్యవధి ఉంది.

ఒక దేశం రోజుకు ఎంత ఇంధనం తాగుతుందన్న ప్రశ్న చమురు శాఖ గుమాస్తాలకు తప్ప ఇతరులకు అక్కరలేనిదిగా కనిపించవచ్చు. కానీ గోదాములో ఉన్న సరుకును ఆ అంకెతో భాగిస్తే వచ్చే ఫలితమే ఎన్ని రోజులు బస్సులు తిరుగుతాయో, ఎన్ని రోజులు ఆసుపత్రి జనరేటరు నడుస్తుందో చెబుతుంది. ఈ భాగహారానికి ఆర్థికశాస్త్ర పట్టా అవసరం లేదు. కాగితం, పెన్సిలు, కాస్త అనుమానించే గుణం ఉంటే చాలు. అనుమానించే గుణం ఎందుకంటే, భాగించవలసిన అంకె, భాగించే అంకె రెండూ కనిపించినంత గట్టివి కావు.

మంత్రి మాటనే ముందుగా పరీక్షిద్దాం. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. కాబట్టి టన్నుకు 1,350 లీటర్లు. ఆ ప్రకారం 4,061 టన్నులంటే దాదాపు 55 లక్షల లీటర్లు. ఇది ఒక రోజుకు చాలదంటే శ్రీలంక మామూలు రోజువారీ వాడకం 55 లక్షల లీటర్ల పైమాటే. జనాభా సుమారు 2 కోట్ల 20 లక్షలు. తలకు పావు లీటరు. పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు ప్రతి ఒక్కరి పేరనా రోజుకు పావు లీటరు పెట్రోలు ఖర్చు కావడం నమ్మదగినదేనా? ద్వీపంలో రిజిస్టరయిన మోటారు సైకిళ్ళు 47 లక్షలకు పైగా, మూడు చక్రాల బండ్లు సుమారు 12 లక్షలు, కార్లు సుమారు 9 లక్షలు. అక్కడి ఆటోలు ఎక్కువగా పెట్రోలుతోనే నడుస్తాయి. ఇన్ని బండ్లున్న దేశానికి ఆ పావు లీటరు అసంబద్ధం కాదు. మంత్రి చెప్పిన మాట నిలబడుతుంది.

ఒక రోజు నిల్వతో ఏడు వారాలు

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. అదే సంవత్సరం మే 16న ప్రధానమంత్రి రణిల్ విక్రమసింఘె జాతి నుద్దేశించి టెలివిజన్లో మాట్లాడుతూ పెట్రోలు నిల్వలు ఒక్క రోజుకు మాత్రమే ఉన్నాయని చెప్పారు. ఏడు వారాల తరువాత ఇంధన మంత్రి కూడా దాదాపు అదే మాట చెప్పారు. మరి మధ్యలో ఈ ఏడు వారాలు దేశం ఎలా నడిచింది?

అడపా దడపా వచ్చిన నౌకలు కొంత ఆదుకున్న మాట నిజమే. ఫిబ్రవరిలో భారత్ ఇంధన కొనుగోళ్ళ నిమిత్తం ఇచ్చిన 50 కోట్ల డాలర్ల రుణ సదుపాయం కింద 40 వేల టన్నుల చొప్పున డీజిల్ నౌకలు కొలంబో చేరాయి. కానీ అంతకు మించి జరిగిందేమిటంటే, భాగించే అంకెనే బలవంతంగా కుదించారు. సంవత్సరం ఆరంభంలో లీటరు 177 శ్రీలంక రూపాయలున్న 92 ఆక్టేన్ పెట్రోలు ధర జూన్ 26 నాటికి 470 రూపాయలకు చేరింది. మార్చిలోనే బంకుల వద్ద సైనికులను కాపలా పెట్టవలసి వచ్చింది. జూన్ ఆఖరి వారంలో, జూలై 10 వరకు అత్యవసర సర్వీసులకు తప్ప ఇతరులకు ఇంధనం అమ్మరాదని ప్రభుత్వం ఆదేశించింది. పాఠశాలలు మూతపడ్డాయి. ఉద్యోగులను ఇళ్ళ నుంచే పనిచేయమన్నారు. ‘ఒక రోజు నిల్వ’ అనే మాటలోని ‘రోజు’ ఆ విధంగా మామూలు రోజు కాకుండా పోయింది. బండి తీయలేని రోజు, క్యూలో గడిచిన రోజు కూడా అందులో చేరిపోయాయి.

సరుకు లేకపోవడానికి కారణం చమురు బావులు ఎండిపోవడం కాదు, డాలర్లు ఎండిపోవడం. విదేశీ అప్పుల చెల్లింపును శ్రీలంక ఏప్రిల్ 12న నిలిపివేసింది. జూలైలో రావలసిన నౌకలకు 58 కోట్ల 70 లక్షల డాలర్లు కావలసి ఉండగా కేంద్ర బ్యాంకు సమకూర్చగలిగింది 12 కోట్ల 50 లక్షలేనని ఇంధన మంత్రి అదే సమావేశంలో వెల్లడించారు. అయిదింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ. చమురు నిల్వను రోజుల్లో లెక్కించినట్లే విదేశీ మారక ద్రవ్యాన్ని కూడా దిగుమతి బిల్లుతో భాగించి వారాల్లో లెక్కిస్తారు. 1991 జనవరిలో భారత్ విదేశీ మారక నిల్వ 120 కోట్ల డాలర్లకు దిగజారినప్పుడు అది కొద్ది వారాల దిగుమతులకు మించి చాలదని తేల్చింది కూడా ఇదే భాగహారం. బంగారాన్ని విమానమెక్కించవలసిన ఆ రోజులను మరిచిపోని వారికి కొలంబో కష్టం కొత్తగా తోచదు.

చమురు కొరతలో నిల్వలను తినివేసేది ప్రయాణాలే కాదు, భయం కూడా. మోటారు సైకిలు టాంకులో సుమారు 10 లీటర్లు పడుతుందనుకుందాం. మామూలు రోజుల్లో జనం సగం ఖాళీ టాంకులతోనే తిరుగుతారు. కొరత వస్తుందన్న వార్త పుట్టగానే అందరూ టాంకు నింపుకోవాలని చూస్తారు. రోడ్డు మీద నిజంగా తిరిగే మోటారు సైకిళ్ళు 30 లక్షలే అనుకున్నా, తలా 5 లీటర్లు అదనంగా పోయించుకుంటే కోటిన్నర లీటర్లు. అంటే ఒక్క కిలోమీటరు అదనంగా ప్రయాణించకుండానే దేశానికి దాదాపు మూడు రోజుల పెట్రోలు ప్రభుత్వ టాంకుల నుంచి జనం టాంకులలోకి మారిపోతుంది. గోదాములో ఒక రోజు సరుకున్న దేశం దీనిని తట్టుకోలేదు. క్యూలు పెరుగుతాయి, క్యూలను చూసి భయం పెరుగుతుంది.

జూలైలో శ్రీలంక ప్రవేశపెట్టిన ‘నేషనల్ ఫ్యూయల్ పాస్’ ఈ సుడిని ఛేదించడానికి ఉద్దేశించినదే. ప్రతి వాహనానికి ఒక క్యూఆర్ కోడ్ ఇచ్చి, వారానికి మోటారు సైకిలుకు 4 లీటర్లు, మూడు చక్రాల బండికి 5 లీటర్లు, కారుకు 20 లీటర్లు చొప్పున కోటా నిర్ణయించారు. నంబరు ప్లేటులోని చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు.

ఈ కోటాను కూడా పెన్సిలుతో పరీక్షిస్తే ఒక వింత బయటపడుతుంది. 47 లక్షల మోటారు సైకిళ్ళకు 4 లీటర్ల చొప్పున 1 కోటి 88 లక్షల లీటర్లు. 12 లక్షల మూడు చక్రాల బండ్లకు 5 చొప్పున 60 లక్షలు. 9 లక్షల కార్లన్నీ పెట్రోలువే అనుకుంటే 20 చొప్పున 1 కోటి 80 లక్షలు. వెరసి వారానికి 4 కోట్ల 28 లక్షల లీటర్లు, రోజుకు 61 లక్షలు. దేశం మామూలు వాడకమే 55 లక్షల పైచిలుకు కదా! రేషను మామూలు వాడకం కంటే ఎక్కువగా ఉండటమేమిటి?

పొరపాటు గుణకారంలో లేదు, రిజిస్టరులో ఉంది. రవాణా శాఖ పుస్తకాలలోకి ఎక్కిన బండి తుక్కుగా మారినా, షెడ్డులో తుప్పు పట్టినా పేరు మాత్రం చెరిగిపోదు. కార్లలో కొన్ని డీజిల్ బండ్లు. కొన్ని బండ్లు వారానికి 4 లీటర్లు కూడా వాడవు. ఫ్యూయల్ పాస్ చేసిన అసలు మేలు ఇదేనని చెప్పాలి. కాగితం మీది బండ్లను విడదీసి, బంకుకు వచ్చే బండ్లు ఎన్నో తొలిసారి లెక్క తేల్చింది. డబ్బాలతో వచ్చేవారిని, ఒకే రోజు నాలుగు బంకులు తిరిగేవారిని ఆపింది. సరఫరా మెరుగుపడే కొద్దీ మోటారు సైకిలు కోటాను 2023లో 4 నుంచి 7కు, ఆ తరువాత 14 లీటర్లకు పెంచి, సెప్టెంబరు 1న ఈ పద్ధతికి స్వస్తి చెప్పారు.

భారత్ రోజువారీ పద్దు

ఇదే పెన్సిలుతో భారత్ లెక్క వేసి చూడవచ్చు. కేంద్ర పెట్రోలియం శాఖకు చెందిన ప్రణాళిక, విశ్లేషణ విభాగం లెక్కల ప్రకారం 2023-24 ఆర్థిక సంవత్సరంలో దేశం సుమారు 23 కోట్ల 33 లక్షల టన్నుల పెట్రోలియం ఉత్పత్తులను వాడింది. ఇందులో డీజిల్ 8 కోట్ల 97 లక్షల టన్నులు, పెట్రోలు 3 కోట్ల 72 లక్షల టన్నులు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఫిబ్రవరికి 29 రోజులున్నందున 366తో భాగించాలి. రోజుకు పెట్రోలు ఒక లక్షా 1,600 టన్నులు, అంటే 13 కోట్ల 70 లక్షల లీటర్లు. డీజిల్ రెండు లక్షల 45 వేల టన్నులు. డీజిల్ పెట్రోలు కంటే బరువు గనుక టన్నుకు 1,200 లీటర్ల చొప్పున 29 కోట్ల లీటర్లకు పైగా.

కోట్ల అంకెలు కళ్ళకు కట్టవు. 143 కోట్ల జనాభాతో భాగిస్తే తలకు రోజుకు పెట్రోలు 100 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, టీ కొట్టులో ఇచ్చే చిన్న గ్లాసుడు. డీజిల్ రెండు గ్లాసులు. శ్రీలంక పౌరుడి పావు లీటరుతో పోలిస్తే భారతీయుడి పెట్రోలు గ్లాసు సగాని కన్నా చిన్నది.

తంతి వార్తలు చదివేవారిని తరచు తికమక పెట్టే సంగతి ఒకటుంది. ఒక సంస్థ టన్నుల్లో చెబుతుంది, మరొకటి కిలోలీటర్లలో, మూడవది రోజుకు ఇన్ని బ్యారెళ్ళని చెబుతుంది. బ్యారెల్ అంటే 159 లీటర్లు. టన్ను ముడి చమురుకు సుమారు 7.33 బ్యారెళ్ళు, టన్ను డీజిలుకు ఏడున్నర, టన్ను పెట్రోలుకు ఎనిమిదిన్నర. అన్నింటికీ ఒకే గుణకం వాడితే పెట్రోలు లెక్కలో ఏడింట ఒక వంతు ఎగిరిపోతుంది. పత్రికలలో ఒకే రోజు రెండు వేర్వేరు అంకెలు దర్శనమివ్వడానికి చాలాసార్లు కుట్రలేవీ కారణం కావు, ఈ గుణకమే కారణం.

ఇప్పటివరకు చేసింది పైనుంచి కిందికి దిగిన లెక్క. కింది నుంచి పైకి కూడా ఎక్కి చూడాలి. రెండు దారులూ ఒకే చోట కలిస్తేనే అంకెను నమ్మవచ్చు. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి తన విద్యార్థులకు నేర్పిన పద్ధతి ఇటువంటిదే. తెలియని పెద్ద అంకెను, తెలిసిన చిన్న అంకెల గొలుసుగా విడదీయడం.

రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2020 మార్చి 31 నాటికి దేశంలో రిజిస్టరయిన వాహనాలు 32 కోట్ల 63 లక్షలు. ఇందులో ద్విచక్ర వాహనాలు నూటికి 75, అంటే 24 కోట్లకు పైగా. బండి రోజుకు 25 కిలోమీటర్లు తిరుగుతుందని, లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందని అనుకుంటే బండికి అర లీటరు. 24 కోట్ల బండ్లకు 12 కోట్ల లీటర్లు. పెట్రోలు కార్లు రెండున్నర కోట్లు నిజంగా తిరుగుతున్నాయనుకుని, రోజుకు 2 లీటర్ల చొప్పున వేస్తే మరో 5 కోట్లు. మొత్తం 17 కోట్లు! అసలు అమ్మకం 13 కోట్ల 70 లక్షలే. పైగా 2020 తరువాత రోడ్డెక్కిన బండ్లను ఇందులో కలపనే లేదు.

శ్రీలంక కోటా లెక్కలో ఎదురైన దెయ్యపు బండ్లే ఇక్కడా ఎదురయ్యాయి. రిజిస్టరులోని ప్రతి మూడు ద్విచక్ర వాహనాలలో రెండే రోడ్డు మీద ఉన్నాయనుకుంటే 16 కోట్ల బండ్లు, 8 కోట్ల లీటర్లు. కార్లవి 5 కోట్లు కలిపితే 13 కోట్లు. ఆటోలకు, ఇతర వాడకాలకు కాస్త చేర్చితే అమ్మకం అంకె దరిదాపులకు వస్తుంది.

అయితే జవాబు ముందే తెలుసుకుని దానికి తగినట్లు అంచనాను సవరించడం లెక్కల మాస్టారి దగ్గర చెల్లదు. దీనికి వేరే సాక్ష్యం కావాలి. అది ఉంది. పెట్రోలియం శాఖ తరఫున నీల్సన్ సంస్థ జరిపిన సర్వే 2014లో వెలువడింది. దేశంలో అమ్ముడవుతున్న పెట్రోలులో ద్విచక్ర వాహనాల వాటా నూటికి 61, కార్ల వాటా 34 అని అది తేల్చింది. పై లెక్కలో ద్విచక్ర వాహనాల వాటా 13.7లో 8, అంటే నూటికి 58. కార్లది 36. సంవత్సరాలు వేరైనప్పటికీ ఈ రెండింటికీ ఇంత దగ్గర సంబంధం కుదరడం అంచనాకు బలం చేకూరుస్తోంది.

డీజిలుకు ఇంత సులువైన లెక్క లేదు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, రైలింజన్లు, జనరేటర్లు, పొలంలో పంపుసెట్లు అన్నీ దాని వాటాదారులే. అదే సర్వే ప్రకారం డీజిలులో రవాణాకు పోయేది నూటికి 70, వ్యవసాయానికి 13. వానలు బాగా పడిన నెలలో పంపుసెట్లు ఆగిపోయి అమ్మకాలు తగ్గుతాయి, కోతల కాలంలో పెరుగుతాయి.

కనుక ‘సగటు రోజు’ అనేది క్యాలెండరులో ఎక్కడా కనిపించని రోజు. దీనికి తిరుగులేని ఉదాహరణ 2020 ఏప్రిల్. కరోనా లాక్‌డౌన్ కారణంగా దేశమంతా ఇంటిపట్టున ఉన్న ఆ నెలలో పెట్రోలు అమ్మకం అంతకు ముందు ఏప్రిల్‌తో పోలిస్తే నూటికి 60, డీజిల్ 55 మేరకు పడిపోయాయి. నెలకు సుమారు 9 లక్షల 70 వేల టన్నుల పెట్రోలు, అంటే రోజుకు 4 కోట్ల 40 లక్షల లీటర్లు. ఈ అంకెకు విపత్తు రోజుల్లో ఎంతో విలువ ఉంది. అంబులెన్సులు, పోలీసు వాహనాలు, పాలు, కూరగాయల బండ్లు, ఆసుపత్రులకు వెళ్ళే సిబ్బంది వీరికి మాత్రమే రోడ్డు తెరిచినా ఈ దేశానికి మామూలులో 40 శాతం పెట్రోలు కావలసి వచ్చింది. ఎంత కఠినమైన రేషను పెట్టినా అంతకు దిగువకు పోవడం ఎంత కష్టమో ఏ కమిటీ నివేదిక కన్నా ఆ నెల బాగా చెప్పింది. వంటగ్యాసు వాడకం మాత్రం ఆ నెలలో తగ్గకపోగా పెరిగింది.

హైదరాబాదు క్యూలు

2024 జనవరి 2న హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల పొడవున వాహనాలు బారులు తీరాయి. దేశంలో చమురు కొరత లేదు, ధర పెరగలేదు, రిఫైనరీలు మామూలుగానే పనిచేస్తున్నాయి. ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు పదేళ్ళ వరకు జైలు విధించే కొత్త చట్టపు నిబంధనకు వ్యతిరేకంగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు పలు రాష్ట్రాలలో సమ్మెకు దిగారు. ట్యాంకర్లు రావట్లేదన్న మాట పాకేసరికి మధ్యాహ్నానికల్లా చాలా బంకులు ‘నో స్టాకు’ బోర్డులు పెట్టేశాయి. ఆహారం చేరవేసే ఒక యువకుడు గుర్రం మీద వెళ్ళిన దృశ్యం దేశమంతా చూసింది.

సరుకున్న చోట సరుకు ఎలా మాయమైంది? దేశంలో అప్పటికి 80 వేలకు పైగా బంకులున్నాయి. రోజుకు అమ్ముడయ్యే 43 కోట్ల లీటర్ల పెట్రోలు, డీజిలును వాటికి పంచితే సగటున బంకుకు 5 వేల లీటర్ల చొప్పున వస్తుంది. ట్యాంకరు 12 వేల నుంచి 20 వేల లీటర్ల వరకు మోస్తుంది. అంటే సగటు బంకుకు మూడు నాలుగు రోజులకు ఒక ట్యాంకరు వస్తే సరిపోతుంది. నగరంలోని రద్దీ బంకుకు దాదాపు ప్రతి రోజూ రావాలి. ఇటువంటి బంకు భూగర్భ టాంకులో 10 వేల లీటర్ల పెట్రోలు ఉందని, రోజుకు 5 వేలు అమ్ముతుందని అనుకుందాం. కాగితం మీద రెండు రోజుల నిల్వ. ఎప్పుడూ రెండు లీటర్లు పోయించుకునే వ్యక్తి ఆ రోజు ఆరు లీటర్లు పోయించుకుంటే గిరాకీ మూడింతలై రెండు రోజుల నిల్వ సాయంత్రం కాకుండానే అయిపోతుంది. హైదరాబాదులో జరిగింది ఇదే. ప్రభుత్వంతో చర్చల దరిమిలా ఆ రాత్రే సమ్మె విరమణకు మార్గం సుగమమైంది. లేనట్లయితే మర్నాడు ఎవరికి ముందు పోయాలన్న ప్రశ్న జిల్లా కలెక్టర్ల ముందుకు వచ్చేది.

నేపాల్ ఈ ప్రశ్నను నెలల తరబడి ఎదుర్కొంది. కొత్త రాజ్యాంగంపై తెరాయి ప్రాంతంలో ఆందోళన చెలరేగి 2015 సెప్టెంబరు నుంచి సరిహద్దులో రవాణా స్తంభించింది. మామూలుగా రోజుకు 300 వరకు వచ్చే ఇంధన ట్యాంకర్లు అయిదు, పదికి పడిపోయాయని అప్పటి కథనాలు పేర్కొన్నాయి. ట్యాంకరుకు 15 వేల లీటర్లు వేసుకుంటే 300 ట్యాంకర్లకు 45 లక్షల లీటర్లు. సరిహద్దు గేటు దగ్గర కూర్చుని ట్యాంకర్లు లెక్కపెట్టినా ఒక దేశపు రోజువారీ వాడకం తెలుస్తుందన్న మాట. బీహారులోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను 2019 సెప్టెంబరులో ప్రారంభమైన తరువాత ఈ లెక్క కొంత మారింది.

విశాఖ గుహలో రెండు రోజులు

భారత్ విషయంలో తరచుగా వినిపించే అంకె 74 రోజులు. పార్లమెంటులో ప్రభుత్వం పలుమార్లు ఇచ్చిన సమాధానాల ప్రకారం వ్యూహాత్మక నిల్వ కేంద్రాలలో 9.5 రోజులకు, చమురు కంపెనీల వద్ద 64.5 రోజులకు ఏర్పాట్లున్నాయి. ఈ అంకెలను విడదీసి చూడటం అవసరం.

వ్యూహాత్మక నిల్వకు మూడు చోట్ల భూగర్భంలో రాతిని తొలిచి గుహలు నిర్మించారు. విశాఖపట్నంలో 13 లక్షల 30 వేల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, కర్ణాటకలోనే పాదూరులో 25 లక్షలు. మొత్తం 53 లక్షల 30 వేల టన్నులు. ఇది 9.5 రోజులకు సరిపోతుందని చెప్పింది 2019-20 వినియోగాన్ని ప్రాతిపదికగా తీసుకుని. ఆ ఏడాది దేశం వాడింది 21 కోట్ల 41 లక్షల టన్నులు. 2023-24లో అది 23 కోట్ల 33 లక్షలకు పెరిగింది. గుహలు పెరగలేదు, వాడకం పెరిగింది. అదే నిష్పత్తిలో లెక్కిస్తే 9.5 రోజులు 8.7 రోజులకు తగ్గుతాయి. 2023-24లో దిగుమతి చేసుకున్న 23 కోట్ల 25 లక్షల టన్నుల ముడి చమురుతో పోలిస్తే ఇంకా తక్కువ. రోజుకు దిగుమతి 6 లక్షల 35 వేల టన్నులు. మూడు గుహలూ కలిపి 8.4 రోజులు. విశాఖ గుహ ఒక్కటే అయితే రెండు రోజులకు కాస్త ఎక్కువ.

అదైనా గుహలు నిండా ఉంటేనే. ప్రభుత్వం చెప్పే 74 రోజులు నిల్వ చేయగల సామర్థ్యమే కాని, అంత సరుకు ఎల్లప్పుడూ ఉంటుందని కాదు. కంపెనీల 64.5 రోజులలో ముడి చమురూ ఉంది, శుద్ధి చేసిన ఉత్పత్తులూ ఉన్నాయి. పైపులైను పనిచేయాలంటే అది ఎల్లప్పుడూ నిండుగా ఉండాలి. టాంకు అడుగున పంపుకు అందని కొంత చమురు మిగిలే ఉంటుంది. పుస్తకాలలో ఇదంతా నిల్వ కిందే జమ. బంకులో మాత్రం పనికిరాదు. మంగళూరు గుహలో కొంత భాగాన్ని అబూధాబి జాతీయ చమురు సంస్థ తన సరుకు నిల్వకు వాడుకునేందుకు 2018లో ఒప్పందం కుదిరింది. అత్యవసర పరిస్థితిలో ఆ చమురుపై తొలి హక్కు భారత్‌దే అయినప్పటికీ, డబ్బు చెల్లించి కొనవలసిందే.

గుహలను అదను చూసి నింపిన ఘనత కూడా లేకపోలేదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో ప్రపంచమంతటా గిరాకీ కుప్పకూలి చమురు ధర నేలకు దిగినప్పుడు ప్రభుత్వం సగటున బ్యారెల్ 19 డాలర్ల చొప్పున 1 కోటి 67 లక్షల బ్యారెళ్ళు కొని గుహలు నింపింది. దీనివల్ల సుమారు 5 వేల కోట్ల రూపాయలు ఆదా అయినట్లు తరువాత ప్రకటించింది. 1 కోటి 67 లక్షల బ్యారెళ్ళు పెద్ద అంకెలాగే వినిపిస్తుంది. కానీ రోజుకు 46 లక్షల 50 వేల బ్యారెళ్ళ ముడి చమురు దిగుమతి చేసుకునే దేశానికి అది మూడున్నర రోజుల సరుకు.

ఈ 46 లక్షల 50 వేల అంకెను గుర్తుంచుకుంటే మరో లెక్క కూడా తేలికవుతుంది. అంతర్జాతీయ విపణిలో బ్యారెల్ ధర ఒక్క డాలరు పెరిగితే భారత్ రోజుకు అదనంగా చెల్లించేది 46 లక్షల 50 వేల డాలర్లు. 2023-24 నాటి మారకం రేటు డాలరుకు 83 రూపాయల చొప్పున దాదాపు 39 కోట్ల రూపాయలు, సంవత్సరానికి 14 వేల కోట్లు. హార్ముజ్ జలసంధిలో ఉద్రిక్తత తలెత్తిన ప్రతిసారీ ఢిల్లీలో ఆర్థిక శాఖ అధికారులు ముందుగా వేసుకునే లెక్క ఇటువంటిదే.

పారిస్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాలను 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచుకోవాలని నిర్దేశిస్తుంది. భారత్ 2017 నుంచి ఆ సంస్థలో అనుబంధ సభ్యదేశంగా ఉంది. ఈ నిబంధన అనుబంధ సభ్యులకు వర్తించదు. రెండవ దశ కింద ఒడిశాలోని చండిఖోల్‌లో 40 లక్షల టన్నులు, పాదూరులో మరో 25 లక్షల టన్నుల నిల్వ కేంద్రాలకు కేంద్రం 2021 జూలైలో ఆమోదం తెలిపింది. మొత్తం 65 లక్షల టన్నులు. 2023-24 దిగుమతుల వేగంతో భాగిస్తే పది రోజులు. అవి పూర్తయ్యే నాటికి రోజువారీ వాడకం ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టి ఆ పది ఎంతకు తగ్గేదీ తేలుతుంది.